దస్తీ వేసిన కార్డు

సోమవారం పొద్దున పది దాటిందో లేదో, బిక్షానికి ముక్కూ మొహం తెలియనివాళ్లు ఫోన్ చేసి తిట్టడం మొదలుపెట్టారు. మొదటివాడు వరంగల్ లారీ మెకానిక్. క్లచ్ ప్లేట్ల కోసం అరగంట నుంచి లైన్లో ఉన్నాననీ, తన బండి జాక్ మీద నిలబడి ఉందనీ, అసలు నువ్వేం వైర్లు వేశావనీ అడిగాడు. రెండోవాడు జనగామ నుంచి. మూడోవాడు ఏ ఊరో చెప్పకుండా తిట్టి, ఏ ఊరో చెప్పకుండానే పెట్టేశాడు. మధ్యాహ్నం అన్నం వేళకు తొమ్మిది మంది అయ్యారు.

బిక్షం పడి ఊరుకునే రకం కాదు. తొమ్మిది మందినీ తిరిగి తిట్టాడు. తన నంబరు వీళ్లకు ఎలా దొరికిందా అన్న ఆలోచన ఆ తర్వాతే వచ్చింది. రాగానే మల్కాజ్‌గిరిలో బస్సెక్కి రాణిగంజ్ చేరాడు. నరసరాజు గారి స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్ షాపులో ఒకటో కౌంటర్ అద్దానికి ఒక కాగితం అతికించి ఉంది. ‘కంప్యూటర్ స్లో ఉన్నది. వైరు ఖరాబ్. బిక్షాన్ని అడుగుండ్రి’ అని స్కెచ్ పెన్నుతో రాసి, కింద అతని నంబరు లావుగా వేసి, దాని కింద రెండు గీతలు కొట్టారు. రాత ఒకటో కౌంటర్ కిషన్‌ది. ఫోన్ చేసిన గిరాకీలకు కూడా కిషన్ అదే నంబరు చదివి వినిపిస్తున్నాడట. మిగతా కౌంటర్ల వాళ్లు ఆ సంగతి దాచలేదు, నవ్వుతూనే చెప్పారు.

బిక్షం మంచివాడని రాణిగంజ్‌లో ఎవరూ అనరు. మెత్తనివాడని అసలే అనరు. యాభై ఆరేళ్ల బక్కపలచని మనిషి. భుజానికి సంచి, సంచిలో వైరు టెస్టరు, కటింగ్ ప్లేయరు, చొక్కా జేబులో టార్చి. ఏ షాపులోకి వచ్చినా ముందు గోడల వంక చూస్తాడు, మనుషుల వంక తర్వాత. తన వైరు మీద ఎవరైనా టవలు ఆరేసినా, క్యాలెండర్ తగిలించినా వాళ్ల పని అయిపోయినట్టే. కొత్త కౌంటర్లు తెరిచిన రోజున నరసరాజు గారు స్వయంగా వైర్ల పట్టీకి కట్టించిన నిమ్మకాయా మిరపకాయల దండను కూడా, నిమ్మరసం కారి జాయింటు తుప్పు పడుతుందని, అందరి ముందూ కత్తిరించి చెత్తబుట్టలో వేశాడు. నరసరాజు గారు అది మనసులో పెట్టుకున్నారు. భీమవరం వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లయిన ఆయన్ని షాపంతా రాజుగారూ అని పిలిస్తే, బిక్షం ఒక్కడు మాత్రం ఇరవై ఆరేళ్లుగా పట్టుబట్టి, వీధిలో ఏ షాపు యజమానినైనా పిలిచినట్టు, సేటూ అనే పిలుస్తాడు. అదీ ఆయన మనసులో ఉంది.

బిక్షం పుట్టింది బొల్లారంలో. తండ్రి అక్కడ వీధులకు నీళ్లు వదిలే పని చేసేవాడు. ఏ గొట్టం ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో అంతా ఆయన తలలోనే ఉండేది. ఒక్క ముక్క కాగితం మీద పెట్టలేదు. అది తన గొప్ప అనుకునేవాడు. బిక్షానికి పద్నాలుగో ఏట తండ్రికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నాలుగు రోజులు నాలుగు వీధులకు నీళ్లు రాలేదు. బిందెలు పట్టుకుని ఆడవాళ్లు, వాళ్ల వెనక మగవాళ్లు ఇంటికొచ్చి, మంచం చుట్టూ నిలబడి, మాట రాని మనిషిని ఏ వాల్వో చెప్పమని అడిగారు. చెప్పలేకపోతే తిట్టారు. ఆయన నోరు తెరిచి, కళ్ల నీళ్లు పెట్టుకుని, చెయ్యి గాల్లో తిప్పుతూ ఉండిపోయాడు.

ఆ మంచం బిక్షాన్ని ఇవాళ్టికీ వదల్లేదు. మోండా మార్కెట్ వెనక ఇంటర్‌కామ్‌లు బాగుచేసే దుకాణంలో పని నేర్చుకున్న రోజుల నుంచీ, అతను వేసిన ప్రతి వైరుకు రెండు చివర్లా తెల్ల టేపు చుట్టి, ఎక్కడి నుంచి ఎక్కడికో, ఏ తేదీన వేశాడో నల్ల ఇంకుతో రాస్తాడు. తాను రేపు చచ్చినా ఎవడూ వచ్చి తన మంచం దగ్గర నిలబడకూడదంటాడు. ఈ మాట భార్య కమలాబాయితో వెయ్యిసార్లు అని ఉంటాడు. ఆవిడ కూడా వెయ్యిసార్లు అన్నానికి లెమ్మంది.

నరసరాజు గారి షాపులో మొదటి వైరు కూడా అతనిదే. అప్పట్లో నల్లటి లావు వైరు ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కు గొలుసులా పోయేది. ఎవరి కాలు తగిలి ఒక్క జాయింటు కదిలినా షాపంతా ఆగిపోయేది. బిక్షం బల్లల కింద పాక్కుంటూ వెళ్లి, ఎవరి కాలో కనిపెట్టి, ఆ కాలి మీద ఒక్కటి కొట్టి మరీ బాగుచేసేవాడు. తర్వాత నీలం వైర్లు వచ్చాయి. ఒక్కో మిషన్‌కు ఒక్కో వైరు. అన్నీ మేడమీది చిన్న గదిలో ఉన్న పెద్ద మిషన్ దగ్గర కలుస్తాయి. షాపులో ఉన్న నలభై వేల రకాల సరుకు చిట్టా మొత్తం ఆ పెద్ద మిషన్‌లో ఒకే ఒక్క ఫైలు. బేరింగు నుంచి బ్రేక్ లైనింగు దాకా ఒక్కోదానికి ఒక్కో కార్డు. అట్టముక్కల మీద రాసుకున్న కాలంనాటి పేరు అది, కంప్యూటర్లు వచ్చాక కూడా పోలేదు. ఎవరు ఏ కౌంటర్‌లో కూర్చుని ఏ కార్డు అడిగినా, అది మేడ మీది నుంచి వైరు వెంట దిగి రావాల్సిందే.

రెండు నెలలుగా దిగి రావడం లేదు. తెర మీద ‘ప్లీజ్ వెయిట్’ అని వచ్చి, చిన్న గుండ్రం ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఒక్కోసారి నిమిషం, ఒక్కోసారి పది. గిరాకీ విసిగి పక్క షాపుకు పోతాడు. ఆ చిట్టా ప్రోగ్రాం రాసినవాడు సత్యదేవ్. నరసరాజు గారి ఊరివాడే, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఎప్పుడూ ల్యాప్‌టాప్. కిందటి శనివారం వచ్చి, ఒక కుర్చీలో కూర్చుని, ఒక కాఫీ తాగి, ప్రోగ్రాం బంగారంలా ఉందనీ, తన ఇంట్లో పెట్టి చూస్తే క్షణంలో వస్తోందనీ, వైర్లు ముసలివైపోయాయనీ తేల్చేశాడు. ఇంట్లో ఒక్కడు ఒక్క మిషన్ మీద చూసుకుంటే క్షణంలో రాక ఏం చేస్తుందని బిక్షం అడిగాడు. సత్యదేవ్ అతనికి జవాబు చెప్పలేదు, నరసరాజు గారికి చెప్పాడు. వచ్చే శనివారానికి తనకు తెలిసిన వాళ్ల చేత వైర్లన్నీ పీకించి కొత్తవి వేయిస్తానన్నాడు. నరసరాజు గారు సరేనన్నారు.

ఇది ఒక్క షాపుతో పోయేది కాదు. ఆ వీధిలో ఇంకో పదిహేడు షాపుల్లో బిక్షం వైర్లే ఉన్నాయి. నరసరాజు గారు పీకించారంటే, ఎందుకని ఎవరూ అడగరు, వాళ్లూ పీకిస్తారు. యాభై ఆరేళ్ల వయసులో వైరు ఖరాబ్ అన్న పేరు వస్తే, ఆ తర్వాత బిక్షం అన్న మనిషి రాణిగంజ్‌లో ఉన్నట్టు కాదు. అతనికి ఉన్నదల్లా ఆ పేరే.

కిషన్ కాగితాన్ని అతను చింపలేదు. శనివారం నాడు అందరి ముందూ కిషన్ చేతనే తీయిస్తానని మనసులో అనుకున్నాడు. మంగళవారమంతా నిచ్చెన మీదే గడిపాడు. ఒక్కో వైరుకు టెస్టరు తగిలించి చూశాడు. ఎనిమిది దీపాలూ వరస తప్పకుండా వెలిగాయి, ప్రతి వైరుకూ. నరసరాజు గారి కూతురి పెళ్లి వీడియో పెద్ద మిషన్‌లో ఉంటే, దాన్ని కింది కౌంటర్‌కు లాగి చూపించాడు. మూడు గంటల పెళ్లి అరనిమిషంలో దిగింది. సత్యదేవ్‌కు ఫోన్ చేసి ఆ మాట చెబితే, వీడియో లాగడం వేరు, ఎనిమిది మంది ఒకే ఫైల్లో చేతులు పెట్టడం వేరు అన్నాడు. ఆ మాట నిజం. నిజమని బిక్షానికి తెలుసు. అందుకే సత్యదేవ్ మీద ఇంకా మండింది.

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటన్నర. కౌంటర్ల వాళ్లంతా వెనక గోడౌన్‌లో టిఫిన్లు విప్పుకున్నారు. షాపులో మిగిలింది మూడో కౌంటర్ రజిత ఒక్కతే. చేరి రెండు నెలలైంది. పాతికేళ్లు ఉంటాయి, మాట పడదు, ఎవరికీ భయపడదు. బిక్షాన్ని చాటుగా ముసలాయన అంటుందని అతనికి తెలుసు. ఆమె ఎదుట ఒక గిరాకీ బ్రేక్ లైనింగుల కోసం నిలబడ్డాడు. తెర మీద గుండ్రం తిరుగుతోంది. నాలుగు నిమిషాలైంది. గిరాకీ వాచీ చూసుకుని, రజితను చూసి, చివరికి బిక్షాన్ని చూసి, వైర్లాయన నువ్వేనా అని అడిగి, ఒక మాట అని వెళ్లిపోయాడు.

బిక్షం ఆ మాటకు తిరిగి తిట్టలేదు. అతనికి వేరే ఏదో తట్టింది. ఎనిమిది మంది ఒకేసారి లాగితే వైరు బిగుసుకుందంటే అర్థం ఉంది. ఇప్పుడు లాగుతున్నది ఒక్కతే. మిగతా ఏడు మిషన్ల ముందూ మనిషి లేడు. ఒక్కళ్లున్నప్పుడు పరిగెత్తాలి కదా, ఇంకా ఎక్కువ ఆగిపోయిందేమిటి? అన్నం డబ్బా మూసేసి మేడెక్కాడు. పెద్ద మిషన్‌లో, ఏ మిషన్ ఏ ఫైలు తెరిచి ఉంచిందో, అందులో ఎన్నిచోట్ల ఇంకొకరు ముట్టకుండా తాళం పట్టుకుని కూర్చుందో చూపించే పట్టిక ఒకటి ఉంటుంది. అది తెరిచాడు. కిషన్ మిషన్ మూడు తాళాలు పట్టుకుని ఉంది. రెండో కౌంటర్ రాజేందర్ మిషన్ నాలుగు. ఐదు, ఆరు కౌంటర్లు చెరో రెండు. మనుషులు లేని మిషన్లు తాళాలు పట్టుకుని కూర్చున్నాయి, రజిత మిషన్ ఒక్కటీ వాటి ముందు చేయి చాచి అడుగుతూనే ఉంది.

కిందికి దిగి కిషన్ తెర చూశాడు. లారీ క్లచ్ ప్లేటు కార్డు తెరిచి, మార్పులు చేసే మీట నొక్కి, అలాగే వదిలేసి ఉంది. ఎన్ని అన్నచోట గీత మినుకుమినుకుమంటోంది.

ఇదేందని రజితను అడిగాడు.

"దస్తీ ఏసి పోయిండు" అంది రజిత, తెర మీంచి కళ్లు తిప్పకుండానే. "ఆయన గిరాకీ కోసం ఆ ప్లేట్లు ఆపుకున్నడు. కార్డు గిట్ల తెరిచి పెడితే ఇంకో కౌంటరోడు ముట్టలేడు. బస్సుల కిటికీలకెల్లి దస్తీ ఏసి సీటు ఆపుకోరా, గట్లనే. అందరు ఏస్తరు. నాకు సుత మొదటి రోజే నేర్పిచ్చిన్రు."

"ఎవలు నేర్పిన్రు మీకు?"

రజిత అప్పుడు తల తిప్పింది. "ఏందంకుల్, తెల్వనట్టు అడుగుతున్నవ్? ఇది నువ్వు నేర్పిన ఉపాయమే అంట గద. కిషన్ అన్న చెప్పిండు."

బిక్షం వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. గుర్తొచ్చింది. పదకొండేళ్ల కిందటి మాట. అప్పుడు షాపులో రెండే కౌంటర్లు. మిగిలిన నాలుగు క్లచ్ ప్లేట్లను కిషన్ ఒకరికీ రాజేందర్ ఇంకొకరికీ ఇస్తామని మాటిచ్చేసి, గిరాకీల ముందే కాలర్లు పట్టుకున్నారు. అతను నిచ్చెన మీద ఉన్నాడు. వాళ్ల అరుపులకు చిరాకెత్తి, పైనుంచే అన్నాడు. ముందు ఎవడు కార్డు తెరుస్తాడో వాడు మీట నొక్కి వదిలెయ్యండి, రెండోవాడు ముట్టలేడు, బస్సు సీటు మీద చేతిరుమాలు, అదే దస్తీ, వేసినట్టు. వాళ్లు చేసి చూశారు. పనిచేసింది. కొట్లాట ఆగింది. నరసరాజు గారు ఆ రోజు అతని భుజం తట్టారు. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి తట్టిన భుజం అది. బిక్షమే నిచ్చెన దిగి వచ్చి, ఇద్దరికీ ఏ మీటో చూపించి మరీ వెళ్లాడు.

రెండు కౌంటర్లకు అది చెల్లింది. ఇప్పుడు ఎనిమిది. టీకి పోతే దస్తీ, అన్నానికి పోతే దస్తీ, గిరాకీ రేపొస్తానంటే ఇంటికి పోతూ కూడా దస్తీ. పైగా సత్యదేవ్ ప్రోగ్రాం ఒక్క కార్డుకు తాళం వేయదు. ఆ కార్డున్న చోట అటూ ఇటూ ఉన్న పాతిక కార్డులను కలిపి పట్టేస్తుంది. ఒకడు ఒక సీటు మీద దస్తీ వేస్తే ఆ వరసంతా ఆగిపోయినట్టు. క్లచ్ ప్లేటు కోసం కిషన్ వేసిన దస్తీకి రజిత బ్రేక్ లైనింగులు చిక్కుకున్నది అందుకే. రెండు నెలల కింద రెండు కౌంటర్లు పెరిగాయి, కొత్తవాళ్లకు పాతవాళ్లు నేర్పారు, ఇంకేముంది.

వైరు తప్పు లేదు. ఆ సంగతి ఇప్పుడు రుజువు చేయగలడు. కానీ దస్తీ మాట ఎత్తకుండా రుజువు చేయడం కుదరదు. ఎత్తితే, ఎవరు నేర్పారన్న ప్రశ్న వస్తుంది. కిషన్ దాని కోసమే కాచుకుని ఉంటాడు. బిక్షానికి భయం వేసింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందరి తప్పులూ ఎత్తిచూపుతూ బతికిన మనిషికి, తన తప్పు ఇంకొకడి నోట్లో ఉందని తెలిస్తే పట్టే భయం అది. ఆ రోజు ఎవరికీ ఏమీ చెప్పలేదు.

గురువారం కిషన్‌ను గోడౌన్‌లోకి పిలిచి, దస్తీలు తీయించమని మెల్లగా అడిగాడు. జన్మలో కిషన్‌తో అంత మెల్లగా మాట్లాడలేదు. కిషన్ ముందు ఆశ్చర్యపోయాడు, తర్వాత సంగతి అర్థమై నవ్వాడు.

"నేనెందుకు తీస్త? తీస్తే పని మంచిగయితది, నువ్వు ఉంటవ్" అన్నాడు. "ఇరవై ఆరేండ్ల సంది నా కాళ్లను కొట్టినవ్ బిక్షం. శనివారం నువ్వు సంచి ఏసుకొని పోతుంటే జెర చూసుకోనియ్యి."

శుక్రవారం సాయంత్రం ఇంటికి పోయే బస్సులో నిలబడ్డాడు. ఎదురుగా ఒక సీటు ఖాళీ. దాని మీద చారల దస్తీ. దాని మనిషి ఎక్కడున్నాడో, అసలు బస్సెక్కాడో లేదో తెలియదు. మెట్టుగూడ దాకా బిక్షం నిలబడే ఉన్నాడు, అతని పక్కన ఇంకో ఇద్దరు నిలబడ్డారు, ఎవరూ ఆ గుడ్డముక్కను ముట్టలేదు. బిక్షం ఆ కనిపించని మనిషిని లోలోపల తిట్టుకున్నాడు. ఇంటికెళ్లి కమలాబాయికి అంతా చెప్పాడు. చెప్పెయ్యరాదూ, అంది ఆవిడ. చెప్తే పేరు పోతుందన్నాడు. చెప్పకుంటే ఉంటదా అని అడిగి, అన్నానికి లెమ్మంది.

శనివారం పొద్దున సత్యదేవ్ వచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు, నాలుగు కొత్త వైరు చుట్టలు. నరసరాజు గారు అద్దాల గదిలోంచి బయటికొచ్చి నిలబడ్డారు. కిషన్ కౌంటర్ మీద మోచేతులు ఆనించి, సినిమాకొచ్చిన వాడిలా ఉన్నాడు. ఒకడు నిచ్చెన వేసి బిక్షం తెల్ల టేపు మీద చెయ్యి పెట్టాడు.

అది చూసి బిక్షానికి ఉన్న భయమంతా కోపంలోకి తిరిగింది. వాణ్ణి దిగమన్నాడు. పది నిమిషాలు ఇవ్వమని నరసరాజు గారిని అడిగాడు. అన్ని కౌంటర్లలో తెరిచి ఉన్న కార్డులన్నీ మూసేయమని ఆయన్నే చెప్పమన్నాడు. తాను చెబితే వినరని కూడా అన్నాడు. నరసరాజు గారు ఏ కళనున్నారో, చెప్పారు. యజమాని కళ్ల ముందు కిషన్ కూడా మూయక తప్పలేదు. అప్పుడు రజితను బ్రేక్ లైనింగు కార్డు తెరవమన్నాడు. వేలు మీట మీంచి లేచేలోపే కార్డు తెర మీద ఉంది. ఇంకోటి తెరవమన్నాడు. అదీ అంతే. అదే వైరు, అదే మిషన్. తర్వాత కిషన్‌ను ఎప్పటిలాగే క్లచ్ ప్లేటు కార్డు తెరిచి, మీట నొక్కి, వదిలెయ్యమన్నాడు. రజిత తెర మీద గుండ్రం తిరగడం మొదలైంది. ఆ గుండ్రాన్ని చూస్తూ షాపంతా నిలబడింది.

సత్యదేవ్ ముందు తేరుకున్నాడు. ఇది ప్రోగ్రాం తప్పు కాదనీ, స్టాఫ్ చేతకానితనమనీ, కార్డు తెరిచి వదిలేసి పోతారని తానెలా ఊహిస్తాననీ గబగబా అన్నాడు. ఎనిమిది మంది వాడే ప్రోగ్రాం రాసినవాడు ఊహించాల్సింది అదేనని బిక్షం అన్నాడు. కానీ నరసరాజు గారు ఆ ఇద్దరి మాటా వినడం లేదు. ఆయన మొహం ఎర్రబడింది. రెండు నెలలుగా పోయిన గిరాకీలు ఆయనకు ఒక్కొక్కరుగా గుర్తొస్తున్నారు.

"ఈ దిక్కుమాలిన పని ఎవరు నేర్పారు వీళ్లకి?" అని అడిగారు.

కిషన్ బిక్షం వంక చూసి, కౌంటర్ మీద వేళ్లతో దరువు వేశాడు. అతను చెప్పేవాడేనేమో, కొంచెం ఆగి, రుచి చూసి చెబుదామనుకున్నాడేమో. ఈలోగా నరసరాజు గారే లెక్క కట్టేశారు. రెండు నెలలుగా గొడవ. రెండు నెలల కిందట చేరింది ఎవరు? రజిత వైపు తిరిగారు.

"నువ్వొచ్చాకే కదమ్మా ఇదంతా. పాతవాళ్లు ఇన్నేళ్లుగా పని చేయలేదూ? ఎక్కడ నేర్చుకొచ్చావో ఈ తెలివితేటలు, రేపట్నుంచి అక్కడే చూపించుకో."

రజిత మొహం పాలిపోయింది. నోరు తెరిచింది. ఆమె బిక్షం వంక చూడలేదు, కిషన్ వంక చూసింది, నేర్పినవాడు అతనే గనక. కిషన్ బల్ల మీది కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. సత్యదేవ్ తల ఊపాడు, కొత్త స్టాఫ్‌తో ఇదే తంటా అన్నట్టు. రాజేందర్‌కు గోడౌన్‌లో ఏదో పని గుర్తొచ్చింది.

బిక్షానికి ఆ క్షణంలో కావలసిందంతా దక్కింది. వైరుకు మచ్చ పోయింది. సత్యదేవ్ మొహం మాడింది. పదిహేడు షాపులూ నిలిచాయి. పోయేదల్లా తనను ముసలాయన అనే ఒక పిల్ల. ఆమె మీద అతనికి ఏ ప్రేమా లేదు. కానీ నలుగురు చుట్టూ నిలబడి చూస్తుంటే, చెప్పాల్సిన మాట గొంతులో ఆగిపోయి నోరు తెరిచి నిలబడ్డ మొహం అతను ఇంతకుముందు ఒకసారి చూశాడు. బొల్లారంలో, మంచం మీద. ఆ మొహాన్ని ఇంకోసారి చూడటం అతని వల్ల కాలేదు.

"ఆ పిల్ల గాదు సేటు" అన్నాడు. "నేను నేర్పిన. పదకొండేండ్ల కింద, కిషన్ రాజేందర్ కొట్టుకుంటుంటే. మీరు సుత నా భుజం తట్టిన్రు."

భుజం తట్టిన సంగతి నరసరాజు గారికి గుర్తొచ్చిందో లేదో తెలియదు. గుర్తొచ్చిందనే అనుకోవాలి, ఎందుకంటే కోపం ఇంకాస్త పెరిగింది. ఇరవై ఆరేళ్లుగా తన షాపులో కూర్చుని, తన మనుషులకు తప్పుడు పని నేర్పి, పైగా తన దండ కత్తిరించి, తననే సేటూ అని పిలుస్తావా అన్నారు. దండ మాట అక్కడెందుకు వచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు, బిక్షానికి తప్ప. వైర్లు బాగానే ఉన్నాయి గనక ఉంటాయన్నారు. బిక్షం మాత్రం సోమవారం నుంచి రానక్కర్లేదన్నారు. వైర్లు ఎక్కడివి ఎక్కడికి పోతాయో ఒక కాగితం మీద రాసిచ్చి పొమ్మన్నారు.

"రాసే ఉన్నది" అన్నాడు బిక్షం. "ప్రతి వైరు మీద రాసే ఉన్నది. నన్ను అడిగే పని లేదు."

సంచి భుజాన వేసుకున్నాడు. సత్యదేవ్ మనుషులు కొత్త చుట్టలు మళ్లీ ఆటోలో ఎక్కిస్తున్నారు. ఆ చుట్టలు వెనక్కి పోతున్నందుకు అతనికి నిజంగానే సంతోషం కలిగింది. ఒకటో కౌంటర్ అద్దం మీద కాగితం అలాగే ఉంది. కిషన్ చేత తీయిస్తానని సోమవారం అనుకున్నాడు. ఇప్పుడు ఆ కోరిక లేదు. తనే గోటితో మూలలు లేపి, చిరగకుండా తీసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కిషన్ చూసుకోనియ్యమన్నాడు గదా, చూశాడు. కానీ కళ్లు ఎక్కువసేపు నిలపలేదు.

మెట్లు దిగుతుంటే వెనక నుంచి రజిత వచ్చింది. ఉద్యోగం నిలిచింది గనక ఏదో ఒక మంచి మాట అంటుందని బిక్షం అనుకున్నాడు. దానికేం జవాబు చెప్పాలో తెలియక, చిరాగ్గా ఆగాడు. ఆమె కళ్లలో తడి ఆరలేదు, మొహంలో కోపం ఉంది.

"బుధారం నాడే తెల్సింది గద అంకుల్ నీకు" అంది. "నేనే చెప్పిన. మూడు రోజులు ఎందుకు సప్పుడు చేయలే?"

ఇరవై ఆరేళ్లలో ఆ షాపులో బిక్షాన్ని అడిగిన ప్రతివాడికీ ఒక తిట్టో, ఒక జవాబో దొరికింది. ఆ ఒక్కదానికి దొరకలేదు. నోరు తెరిచాడు, చెయ్యి కొంచెం పైకి లేచింది, మాట రాలేదు. లోపల గిరాకీ పిలుస్తుంటే రజిత వెనక్కి వెళ్లిపోయింది.